వెడల్పు లేని గీత

సోమవారం ఉదయం ఎనిమిది కావడానికి పది నిమిషాలుందనగా ఓవర్సీరు టార్చిలైటూ, టేపూ, రిజిస్టరూ తీసుకుని రెండో అంతస్తు ఉత్తరపు గోడ దగ్గరికి వెళ్ళాడు. అది కుట్టుమిల్లు. నాలుగు అంతస్తులు, అంతస్తుకు ఎనభై మిషన్లు. ఉత్తరపు గోడలో చివరి వరస మిషన్ల వెనక ఒక స్తంభం ఉంది. స్తంభం గోడను ఆనుకునే చోట, నేల దగ్గర మొదలైన గీత నిలువుగా పోయి, పైన దూలం తగిలి ఆగింది.

ఓవర్సీరు టేపు కొసను నేలకి ఆనించి బూటుతో తొక్కిపట్టాడు. స్టూలెక్కి, టేపును దూలం దాకా లాగి, గోరుతో గుర్తు పెట్టుకుని చదివాడు. రెండు మీటర్ల నలభై సెంటీమీటర్లు. కిందటి సోమవారమూ అంతే. అంతకు ముందు సోమవారమూ అంతే.

దిగి, స్టూలు మీదే రిజిస్టరు పెట్టుకుని రాశాడు. తేదీ. చోటు. గీత పొడవు. మార్పు: లేదు. సంతకం. ఐదు గళ్ళూ నిండాయి.

"బాబాయ్, నా మడమలకి కూడా గీతలు పడ్డాయి. కాస్త టేపు పెట్టి చూసి పోరాదూ?" అంది కాజాలు కుట్టే ఆమె, చెప్పులు విడుస్తూ. ఆ వరసలో వాళ్ళందరూ నవ్వారు.

"పగలబడి నవ్వకండే," అంది పక్క మిషను ఆమె. "జీతం కోస్తారు. గీతబడి నవ్వండి."

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. ఓవర్సీరు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. మూడో వరసలో కాలర్లు కుట్టే మిషను దగ్గర అతని కూతురు దారం ఎక్కిస్తూ తల దించుకునే నవ్వింది. ఆమె పనిలో చేరి ఎనిమిది నెలలు. ఈ ఉద్యోగం అతనే అడిగి ఇప్పించాడు. మిల్లులో ఉన్నంతసేపూ ఆమె అతన్ని నాన్నా అని పిలవదు.

సూపర్‌వైజరు గంట కొట్టాడు. నవ్వులు ఆగి మిషన్లు మొదలయ్యాయి. గంట వేలాడే మేకు కింద రెండు కాగితాలు అద్దాల చట్రాల్లో ఉన్నాయి. మొదటిది: పనివేళల్లో మాటలు నిషేధం, పుకార్లు పుట్టించేవారికి సగం రోజు జీతం కోత. రెండోది మూడేళ్ళ కిందటి మేనేజరు ఉత్తర్వు. 'ఇకపై రిజిస్టరులో గానీ, సంభాషణలో గానీ పగులు అన్న మాట వాడరాదు. గోడలపై కనిపించేవన్నీ గీతలుగానే నమోదు చేయాలి.' పాత ఓవర్సీరు ఆ మాట రాసినందుకే తనిఖీ వాళ్ళు మిల్లును తొమ్మిది రోజులు మూయించారు. పాత ఓవర్సీరు పోయాడు. పాత రిజిస్టరూ పోయింది. కొత్త రిజిస్టరు అచ్చు వేయించినప్పుడు అందులో పొడవు గడి ఉంచారు, వెడల్పు గడి తీసేశారు. గీత అన్నాక దానికి వెడల్పేమిటని అప్పుడు ఎవరూ అడగలేదు. కొత్త ఓవర్సీరూ అడగలేదు.

మంగళవారం మధ్యాహ్నం ఆడవాళ్ళు భోజనాలకి కిందికి దిగాక, ఓవర్సీరు చివరి వరసలో మాడిపోయిన ట్యూబులైటు మార్చడానికి పైకి వచ్చాడు. ఊడ్చే ఆమె ఒక్కతే ఉంది. అరవై దాటిన మనిషి. మిల్లంతా ఆమెను పెద్దమ్మ అంటారు. మిషన్ల కింద పేలికలు ఊడ్చి కుప్ప చేసి, చెయ్యి పైకెత్తి గోడలోంచి దువ్వెన లాగి, జుట్టు విప్పి దువ్వుకుంటోంది. ముడి వేసుకుని, దువ్వెనను మళ్ళీ గోడలోకి దోపింది. పళ్ళు లోపలికి పోయాయి. నడుం సగం బయట మిగిలింది.

"ఇదేంటి పెద్దమ్మా, గోడకి దువ్వెన?"

"నాకేమన్నా అలమారా కట్టించి ఇచ్చారా? పగులుంది, పెట్టుకున్నా."

ఓవర్సీరు మెట్ల వైపు చూశాడు. ఎవరూ లేరు. "దాన్ని గీత అనాలి."

"గీతలో దువ్వెన ఎట్లా పెడతాం బాబూ?"

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"పోయిన ఏడు వానలప్పుడు దీంట్లో దుమ్ము తీయబోతే చీపురుపుల్ల విరిగేది. తర్వాత జడపిన్ను పట్టింది. ఈ నెల మొదట్లో దువ్వెన పళ్ళు దూరాయి గానీ నడుం దూరలేదు. ఇప్పుడు చూడు, నడుం కూడా పోతోంది."

"పొడవు మారలేదు పెద్దమ్మా. నిన్ననే కొలిచాను."

"పొడవెందుకు మారుతుంది? పైన దూలం అడ్డం ఉందిగా."

ఆమె చేట అందుకుని పేలికలు ఎత్తడం మొదలుపెట్టింది. ఓవర్సీరు ట్యూబులైటు చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. దువ్వెన లాగి చూశాడు. కాస్త బిగువుగా వచ్చింది. దాని నడుముకి సున్నపు పొడి అంటింది. మళ్ళీ దోపాడు. గీత వెడల్పు, అనుకున్నాడు. ఆ రెండు మాటలూ పక్కపక్కన కుదరలేదు. గీతకి పొడవే ఉంటుందని బడిలో పంతులు బెత్తంతో బల్ల మీద కొట్టి మరీ చెప్పాడు. పొడవు మారలేదు. మారలేదు కాబట్టి మార్పు లేదు. ఆలోచన అక్కడి దాకా వచ్చి ఆగింది. అతను ఇంకోసారి మొదటి నుంచి మొదలుపెట్టాడు. మళ్ళీ అక్కడే ఆగింది. స్టూలెక్కి ట్యూబులైటు బిగించి దిగిపోయాడు.

బుధవారం పదిన్నరకి మేనేజరు గదిలో వారం సమావేశం. మేనేజరు, ఇంజనీరు, స్టోరు చూసే అతను, ఓవర్సీరు. టీ వచ్చింది. లారీల సంగతి అయింది, జనరేటరు సంగతి అయింది. పై కప్పు మీదికి ఇంకో జనరేటరు ఎక్కించడానికి వచ్చే వారం క్రేను వస్తుందని ఇంజనీరు చెప్పాడు.

"గోడలు?" అన్నాడు మేనేజరు.

"రెండో అంతస్తు గీత సార్..."

"పెరిగిందా?"

"లేదు సార్. పొడవు అంతే."

"మరి?"

ఓవర్సీరు నోరు తెరిచాడు. చెప్పాలనుకున్నది రాత్రంతా అటూ ఇటూ తిప్పుకుని వచ్చాడు గానీ, ఇప్పుడు దానికి మొదలు దొరకలేదు. దొరికింది ఇంకొకటి.

"ఊడ్చే ఆవిడ ఒకటి అంటోంది సార్."

"ఏమని?"

"అది పగులని."

స్టోరు చూసే అతను కప్పు సాసరులో పెట్టాడు. ఓవర్సీరుకి ఒక్క క్షణం తేలిగ్గా అనిపించింది. మాట గదిలోకి వచ్చింది, తను అనలేదు.

"ఎవరితో అంది?" అన్నాడు మేనేజరు.

"నాతోనే సార్."

"నీతో అన్నదానికి ఇంకెంతమందితో అనుంటుందో." మేనేజరు చెయ్యి చాపి అరచెయ్యి చూపించాడు. "ఇవేంటయ్యా? గీతలు. నా చేతిలో ఎన్ని గీతలున్నాయి? చెయ్యి ఊడి పడిందా?"

ఇంజనీరు నవ్వాడు. స్టోరు చూసే అతను నవ్వాడు. ఓవర్సీరు కూడా నవ్వాడు. తన నవ్వు తనకి వినపడింది. మేనేజరు ఫోను తీసి గేటు దగ్గరికి రెండు మాటలు చెప్పాడు. టీ చల్లారకముందే ఆ విషయం అయిపోయింది. తర్వాత క్రేను ఏ దారిన తేవాలో మాట్లాడుకున్నారు.

రెండింటికి ఓవర్సీరు గేటు దగ్గర ఉన్నాడు. పెద్దమ్మ బయట నిలబడి ఉంది. చేతిలో టిఫిను డబ్బా, చంకలో మడిచిన గోనెసంచి. చీపురు మిల్లుదని వాచ్‌మన్ తీసేసుకున్నాడు. దాని పిడికి ఆమె చుట్టుకున్న గుడ్డ తనదని అడిగింది. వాచ్‌మన్ ముడి విప్పి ఇస్తున్నాడు.

"పెద్దమ్మా..."

"నేను నీకు చెప్పాను బాబూ. నువ్వు ఎవరికి చెప్పావు?"

ఆమె గుడ్డ దులిపి మడత పెట్టుకుంది.

"నా దువ్వెన లోపలే ఉండిపోయింది. పైకి పోనివ్వట్లేదు ఈయన."

"రేపు తెచ్చిస్తాను."

"తేకు. ఉండనీ. బిగుసుకుని ఉన్నన్నాళ్ళూ పర్వాలేదు. జారిందా, చూసుకో."

ఆమె రోడ్డు దాటింది. వాచ్‌మన్ చీపురును గేటు మూలన నిలబెట్టి, "పన్నెండేళ్ళు చేసింది," అన్నాడు. "ఏం చేసిందంటారు?"

"ఏమో," అన్నాడు ఓవర్సీరు.

గురువారం అతను రెండు సార్లు ఆ గోడ పక్కనుంచి నడిచాడు. దువ్వెన అక్కడే ఉంది. ముట్టుకోలేదు. కొత్తగా ఊడవడానికి వచ్చిన ఆమె పేలికలు సగమే ఎత్తింది. మిషన్ల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. కాజాలు కుట్టే ఆమె అతన్ని చూసి తల దించుకుంది. పెద్దమ్మ సంగతి తెలిసినట్టుంది. తెలిసిందని కూడా ఎవరూ ఎవరితో అనడం లేదు.

సాయంత్రం ఇంట్లో భార్య అన్నం వడ్డించి, గ్లాసులో నీళ్ళు పోసి అతని ముందు పెట్టింది. గాజు గ్లాసు. నోటి దగ్గర నుంచి అడుగు దాకా సన్నగా విచ్చుకుని ఉంది. కింద చాప తడిసింది.

"గ్లాసు మార్చు," అన్నాడు.

"ఎందుకు? నిన్న మీరే కదా గీతే, పర్వాలేదన్నారు," అంది భార్య. "గీతైతే నీళ్ళెందుకు కారుతున్నాయి? మూడేళ్ళ నుంచి చూస్తున్నాను. గ్లాసు పగిలినా గీతే. పాలు విరిగినా మార్పు లేదే."

కూతురు నవ్వి, తండ్రి మొహం చూసి ఆపేసింది.

అతను ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగాడు. "అమ్మాయ్, రేపు పనికి వెళ్ళకు."

"ఎందుకు నాన్నా?"

"ఒంట్లో బాలేదని చెప్పు."

"బాగానే ఉంది కదా."

"వెళ్ళకంటే వెళ్ళకు."

"సంగతేంటో చెప్పండి," అంది భార్య.

"ఏమీ లేదు. ఆ గీత..." అని ఆగిపోయాడు.

కూతురు కంచం పక్కకి జరిపింది. "నాకొక్కదానికే చెప్తున్నావా? నా పక్క మిషను ఆవిడకి చెప్పావా?"

"ఆవిడకి నేనెట్లా చెప్తాను?"

"నాకెట్లా చెప్పావో అట్లాగే. అయినా నాకు మాత్రం ఏం చెప్పావు? వెళ్ళొద్దన్నావు. ఏం జరుగుతుందని?"

"నాకు తెలీదు."

"తెలీకుండానే వెళ్ళొద్దంటున్నావా?"

అతను చేతిలోని ముద్ద కంచంలో పెట్టాడు. గ్లాసు వంక చూశాడు. నీళ్ళు సగానికి దిగాయి.

"పగులు," అన్నాడు.

మూడేళ్ళలో ఆ మాట తన మాటగా అనడం అదే మొదటిసారి. అతను ఇంకోసారి అన్నాడు. "అది పగులు. పైన దూలం దగ్గర ఆగినట్టు కనపడుతుంది గానీ ఆగలేదు. పైకి పోలేక పక్కకి తెరుచుకుంటోంది. చీపురుపుల్ల పట్టనిది దువ్వెన పట్టిందంటే, గోడ ఎటూ కదల్లేదు, అది ఇటుక. స్తంభం కదులుతోంది. స్తంభం గోడని వదిలేస్తోంది." అతను ఆగాడు. ఆ చివరి మాట నోట్లోంచి బయటికి వచ్చేదాకా తనకి ఆ సంగతి తెలియదని అతనికి అర్థమైంది. చెయ్యి కంచంలోనే ఎండిపోయింది. "పైన ఇంకో జనరేటరు పెడతారట," అన్నాడు.

భార్య లేచి వెళ్ళి స్టీలు గ్లాసు తెచ్చి నీళ్ళు పోసింది.

"రేపు నేనూ వస్తాను," అంది కూతురు. "నువ్వు ఇది అక్కడ చెప్పు."

"చెప్తే?"

"నాకు చెప్పావు కదా. ఏమైంది?"

శుక్రవారం ఏడున్నరకే అతను రెండో అంతస్తులో ఉన్నాడు. గోడలో దువ్వెన లేదు. ఎవరైనా తీశారేమోనని కింద చూశాడు. టార్చి వేసి పగులులోకి చూశాడు. జానెడు లోతున, ఇటుక అంచు మీద అడ్డంగా పడి ఉంది. వేలు పెట్టాడు. వేలు రెండో కణుపు దాకా పోయింది గానీ దువ్వెన అందలేదు.

ఆడవాళ్ళు ఒక్కొక్కరే వస్తున్నారు. ఏం చేయాలో అతను నడుస్తూనే అనుకుని వచ్చాడు. మిషన్లు ఎక్కకముందే అందరినీ తూర్పు మెట్ల మీదుగా దింపాలి. అవి వెడల్పు, గేటుకి దగ్గర. పడమటి మెట్లు ఇరుకు, పైగా బట్టల బేళ్ళు పేర్చి ఉంటాయి. ఈ ఆలోచనలో అతనికి లోటు కనపడలేదు.

స్టూలు గోడ దగ్గరి నుంచి తెచ్చి వరసల మధ్య వేసుకుని ఎక్కాడు.

"ఏంటండీ ఇది?" అన్నాడు సూపర్‌వైజరు, గంట దగ్గర నుంచి.

"అమ్మా, ఎవరూ మిషన్లు వేయకండి. ఆ గోడలో ఉన్నది గీత కాదు. పగులు. వెడల్పవుతోంది. మూడేళ్ళుగా నేను పొడవే కొలుస్తున్నాను. తప్పు కొలిచాను. పెద్దమ్మ చెప్పింది, నేను వినలేదు. విననిది కాక ఆవిడ పేరు పైన చెప్పి ఉద్యోగం తీయించాను."

ఎవరూ కదల్లేదు. సూపర్‌వైజరు గంట తాడు పట్టుకున్నాడు గానీ లాగలేదు. అతను కూడా చివరి వరస వైపు చూస్తున్నాడు.

ముందు కాజాలు కుట్టే ఆమె మాట్లాడింది. ఈసారి వేళాకోళం లేదు. "అయితే నా దారం రీళ్ళు అందుకేనా దొర్లుతున్నాయి? బల్ల మీద పెడితే చాలు, అటు పోతున్నాయి. నా బల్లే వంకరేమో అనుకుని కింద కాగితం మడిచి పెట్టుకున్నా."

"ఎటు పోతున్నాయి?" అన్నాడు ఓవర్సీరు.

"తూర్పుకి."

"నా బల్ల కూడా తూర్పుకే," అంది ఇంకొకామె. "చెప్తే సూదులు విరగ్గొట్టినందుకు సాకులంటారని ఊరుకున్నా."

"తూర్పు మెట్ల పక్క మరుగుదొడ్లో పలకలు లేచాయి. సోమవారం కాలికి గుచ్చుకుంది."

"బకెట్లో నీళ్ళు ఒక పక్కకి ఉంటున్నాయి. నాకే కళ్ళు తిరుగుతున్నాయనుకున్నాను. ఇంట్లో చెప్తే కళ్ళద్దాలు మార్చుకోమన్నారు."

"నిన్న నా డబ్బాలో సున్నం రాలింది. తూర్పు మెట్ల మీద కూర్చుని తింటుంటే."

అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఒకామె అన్నది విని ఇంకొకామె తనకి జరిగింది సరిచేసుకుని చెబుతోంది, సోమవారం కాదు, మంగళవారం నుంచి అని. ఓవర్సీరు కూతురు, "నా కత్తెర కింద పడితే తలుపు దాకా జారింది," అంది. అప్పుడు సూపర్‌వైజరు తాడు వదిలేశాడు.

"తూర్పు మెట్ల తలుపు నేలకి పట్టేస్తోందని వడ్రంగిని పిలిచాను," అన్నాడు. "మంగళవారం అడుగున చిత్రిక పట్టించాను. మళ్ళీ నిన్న పట్టించాను. చెక్క ఉబ్బిందనుకున్నాను. వానలు లేవు కదా, ఎందుకు ఉబ్బుతుందని నాకు..."

ఓవర్సీరు తల ఎత్తి దూలం వంక చూశాడు. దాని ఒక కొస ఉత్తరపు స్తంభం మీద ఉంది. రెండో కొస ఎక్కడుందో కంటితో వెంబడించాడు. ట్యూబులైట్ల వరస మీదుగా, మిషన్ల మీదుగా పోయి తూర్పు మెట్ల గోడలో దిగింది. స్తంభం వదిలేసిన బరువంతా పోయి ఆ మెట్ల మీద పడుతోంది. ఇంకో రెండు నిమిషాలైతే అతను ఎనభై మందినీ ఆ మెట్ల మీదికే పంపేవాడు.

"పడమటి మెట్లు," అన్నాడు. "బేళ్ళు పక్కకి నెట్టండి. పరుగెత్తకండి. తూర్పు తలుపు ముట్టుకోకండి. పై అంతస్తుల వాళ్ళకీ, కింది వాళ్ళకీ కేకెయ్యండి."

"గంట కొట్టనా?" అన్నాడు సూపర్‌వైజరు.

"వద్దు. గంట కొడితే పనిలో కూర్చుంటారు. మనిషి వెళ్ళి చెప్పాలి."

సూపర్‌వైజరు తనే పైకి వెళ్ళాడు.

ఎనిమిదిన్నరకి మూడు వందల మంది ఆవరణలో ఉన్నారు. తొమ్మిదింటికి మేనేజరు వచ్చాడు. కారు దిగి నేరుగా ఆఫీసులోకి పోయి రిజిస్టరు తెప్పించుకుని ఆఫీసు మెట్ల మీద నిలబడ్డాడు.

"ఇది నీ రాతేనా?"

"నాదే సార్."

మేనేజరు చదవడం మొదలుపెట్టాడు. తేదీ, మార్పు లేదు. తేదీ, మార్పు లేదు. పేజీలు తిప్పుతూ చదివాడు. మూడేళ్ళ సోమవారాలు. మూడు వందల మంది విన్నారు. ఓవర్సీరు కూడా విన్నాడు. ఒక్కో తేదీ దగ్గర ఆ సోమవారం తను స్టూలెక్కడం గుర్తొచ్చింది.

"అబద్ధం రాశావా?"

"లేదు సార్."

"మరింకేం?" మేనేజరు జనం వైపు తిరిగాడు. "విన్నారుగా. అబద్ధం రాయలేదట. ఆయన చేత్తో ఆయనే రాశాడు, మార్పు లేదని. పదండి లోపలికి."

ఆడవాళ్ళు ఓవర్సీరు వంక చూశారు. ముందు వరసలో ఇద్దరు సంచులు భుజానికి తగిలించుకున్నారు. కాజాలు కుట్టే ఆమె కూడా అతని వంకే చూస్తోంది. చదివినదంతా నిజం.

"సార్," అంది అతని కూతురు. "వెడల్పు ఎంతని రాసి ఉంది?"

మేనేజరు పేజీ చూశాడు. వెనక్కి తిప్పాడు. ముందుకి తిప్పాడు.

"ఆ గడి లేదు," అన్నాడు.

సంచులు తగిలించుకున్న ఇద్దరూ దించేశారు. ఎవరూ కదల్లేదు. మేనేజరు ఇంకాసేపు నిలబడి రిజిస్టరు మూశాడు.

ఇక మూటలు కట్టే నలుగురున్నారు. కాంట్రాక్టు మనుషులు. తూర్పు మెట్ల కింది గదిలో వాళ్ళ పని. పదింటికి లారీ వచ్చి గేటు దగ్గర హారను కొట్టింది. "మీకీ గొడవేంటి? మీరు కింద ఉండేవాళ్ళు," అన్నాడు మేనేజరు. "మూటలు ఎక్కించి పొండి. లేదంటే రేపటి నుంచి వేరేవాళ్ళని పిలుస్తాను."

"వెళ్ళకండి," అన్నాడు ఓవర్సీరు.

వాళ్ళు పొద్దున పైన లేరు. రీళ్ళ సంగతి, తలుపు సంగతి వినలేదు. ఓవర్సీరు చెప్పబోయాడు, లారీ డ్రైవరు మళ్ళీ హారను కొట్టాడు. నలుగురూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరు నీళ్ళు తాగి వస్తామని కుళాయి వైపు పోయారు. ఇద్దరు లోపలికి వెళ్ళారు. పదకొండు మూటలు ఎక్కించారు.

పదీ నలభై అయిదుకి తూర్పు మెట్లు కూలాయి. ముందు తలుపు విరిగిన చప్పుడు వచ్చింది. తర్వాత నాలుగు అంతస్తుల మెట్లూ ఒకదాని మీద ఒకటి దిగాయి. దుమ్ము గేటు దాకా వచ్చింది. మిగతా మిల్లు నిలబడే ఉంది. దుమ్ము తగ్గాక రెండో అంతస్తు మిషన్లు బయటికి కనిపించాయి. చివరి వరసలో ఒక మిషను మీద ట్యూబులైటు వేలాడుతోంది. కుళాయి దగ్గరి ఇద్దరూ చేతుల్తో ఇటుకలు తీయడం మొదలుపెట్టారు. సాయంత్రానికి వాళ్ళ తోటివాళ్ళిద్దరినీ బయటికి తీశారు. ఇద్దరూ అప్పటికే పోయారు.

తర్వాతి బుధవారం విచారణ. ఒక గది, ఒక అధికారి, ఒక గుమాస్తా. తలుపు పక్క బల్ల మీద సాక్షులు. ఓవర్సీరు చెప్పింది గుమాస్తా రాసుకుని, చదివి వినిపించాడు. "రెండో అంతస్తు ఉత్తరపు గోడలోని గీత..."

"పగులు అని రాయండి."

"మిల్లు రికార్డులో గీత అని ఉంది. రికార్డులో ఉన్న మాటే రాయాలి."

"రికార్డు నేనే రాశానండీ."

గుమాస్తా అధికారి వంక చూశాడు. అధికారి తల ఊపాడు. గుమాస్తా కొట్టేసి, పైన ఇంకో మాట రాశాడు.

"తెలిసి దాచారా, తెలియక రాశారా?" అన్నాడు అధికారి. "రెంట్లో ఒకటి చెప్పండి."

"తెలుసుకోబోతే మాట అడ్డం వచ్చేదండీ. గీత అనుకున్నాక పొడవు తప్ప ఇంకోటి తోచలేదు. పక్కవాళ్ళని అడుగుదామంటే, అడగడానికీ ఆ మాటే కావాలి."

"ఇది ఏ గడిలో రాయాలండీ?" అన్నాడు గుమాస్తా.

అధికారి ముందున్న కాగితాలు సర్ది, "వెడల్పు ఎంత ఉంది?" అన్నాడు.

ఆ ప్రశ్న ఆఫీసులో కూర్చున్న మనిషి నోట ఓవర్సీరు వినడం అదే మొదలు.

"నేను కొలవలేదండీ."

"మరెవరు కొలిచారు?"

అతను బల్ల వైపు తిరిగాడు. చివర్న పెద్దమ్మ కూర్చుని ఉంది. ఆమెను సాక్షిగా పిలవమని అడిగింది అతనే. ఆమె ఇంటికి రెండు సార్లు వెళ్ళాడు. మొదటిసారి ఆమె తలుపు తీయలేదు.

"ఆవిడ," అన్నాడు.

ఆమె లేచి వచ్చింది. జుట్టు ముడి వదులుగా ఉంది. "నా దువ్వెన దొరికిందా?" అని అతన్నే అడిగింది.

"లేదు పెద్దమ్మా."

ఆమె కుడి చెయ్యి ఎత్తి బొటనవేలూ చూపుడువేలూ దగ్గరగా తెచ్చి, మధ్యలో సందు ఉంచి అధికారికి చూపించింది. "వానలప్పుడు ఇంత కూడా లేదు. మంగళవారానికి ఇంత."

గుమాస్తాకి అది ఎలా రాయాలో తోచలేదు. సొరుగు లాగి స్కేలు తీశాడు. లేచి బల్ల ఇవతలికి వచ్చి, వంగి, స్కేలు ఆమె వేళ్ళ మధ్య ఆనించాడు. "కదపకు," అన్నాడు. ఆమె కదపలేదు. అంకె చదివి, వెనక్కి వెళ్ళి రాసుకున్నాడు.

"శుక్రవారానికి ఎంత?" అన్నాడు అధికారి.

ఆమె చెయ్యి దించింది.

"శుక్రవారం నేను లేనండీ," అంది. "బుధవారమే పంపించేశారు."

గుమాస్తా కలం ఎత్తి పట్టుకుని ఓవర్సీరు వంక చూశాడు. ఓవర్సీరు శుక్రవారం పగులులోకి పోయిన తన వేలు వంక చూసుకుంటున్నాడు. గుమాస్తా ఆ గడి ఖాళీగా వదిలేశాడు.